ముందు నీళ్లు, తర్వాత లోహం

సిరంజిని సూది పైకి వచ్చేలా పట్టుకుని, గోటితో రెండుసార్లు కొట్టి, గాలి బుడగ పైకి తేలాక మెల్లగా బయటికి నెట్టేయడం ఏ దవాఖానలోనైనా నర్సులు చేసే పనే. నేను మాత్రం ఆ పనిని మొదటిసారి పరీక్షగా చూసింది రాయదుర్గంలోని ఒక చిన్న ప్రయోగశాలలో. ఆ సిరంజిలో ఉన్నది మందు కాదు, లోహం. వెండిలా మెరుస్తూ నీళ్లలా జారే లోహం. సిరంజి పట్టుకున్నామె అంతకుముందు పదకొండేళ్లు దవాఖానలో నర్సుగా చేసింది. ఆమెను మేము అక్క అని పిలిచేవాళ్లం. మేము అంటే ఎంతమందిమో కాదు, నేనూ మా సారూ.

తెలంగాణ ఉద్యమం ఊపు మీద ఉన్న రోజులవి. మా ప్రయోగశాల ఒక టైల్స్ దుకాణం పైన మూడో అంతస్తులో ఉండేది. చుట్టూ అద్దాల మేడలు లేస్తున్నాయి. వాళ్లకి జనరేటర్లుండేవి, మాకు ఒక్క యూపీఎస్ ఉండేది. అది కూడా కొలిచే యంత్రానికి తప్ప ఫ్యానుకి సైతం సరిపోదు. ఎదురు ప్రహరీ మీద ‘నీళ్లు, నిధులు, నియామకాలు’ అని నీలిరంగుతో పెద్దగా రాసి ఉండేది. రోజూ మెట్లెక్కేముందు దాన్ని చూసేదాన్ని. చూడటమే తప్ప ఆలోచించింది లేదు.

నేను గోదావరి వైపు మనిషిని, కొత్తగూడలో కిరాయికి ఉండేదాన్ని. సారుది రాయలసీమ. అక్కది ఇక్కడే, నార్సింగి. ఆమెది క్రైస్తవ కుటుంబం. ఆదివారం పని చెబితే ముఖం మీదే రానని చెప్పేది. భర్త రాత్రిపూట ఆటో నడిపేవాడు. కూతురు పదో తరగతిలో ఉంది. ఆ పిల్ల చదువు కోసమే రాత్రి డ్యూటీలున్న దవాఖాన ఉద్యోగం వదిలేసి, పగటి పని దొరికిందని మా దగ్గరికి వచ్చింది. ఆర్నెల్ల కాంట్రాక్టు. సారు ఆమెను తీసుకున్నది ఆమె చేతుల కోసం. వెంట్రుకంత సూదిని ఒక సందులోకి వణుకు లేకుండా దూర్చడం ఇంజినీర్ల వల్ల అయ్యే పని కాదని ఆయనకి నన్ను చూశాకే అర్థమైందట. ఆ మాట నా ముందే అన్నాడు.

ఆ పనేమిటో చెప్పకపోతే మిగతాది అర్థం కాదు. ఆంటెన్నా అంటే అసలు ఒక తీగ. తీగ పొడుగ్గా ఉంటే తక్కువ ఫ్రీక్వెన్సీ తరంగాలు పట్టుకుంటుంది, పొట్టిగా ఉంటే ఎక్కువ ఫ్రీక్వెన్సీవి. ఒకసారి చేసిన రాగితీగ పొడవు ఇక మారదు. అందుకే ఒక్కో పనికి ఒక్కో ఆంటెన్నా కావాలి. అలా కాకుండా తీగే అవసరాన్ని బట్టి పొడుగూ పొట్టీ అయితే? మా ప్రయోగశాల పుట్టింది ఆ ప్రశ్న నుంచే. మెత్తటి సిలికోన్ రబ్బరు బిళ్లలో అగ్గిపుల్లలో సగం మందాన ఒక కాలువ చేస్తాం. అందులోకి సిరంజితో ద్రవ లోహాన్ని నెడితే తీగ పొడుగవుతుంది, వెనక్కి లాగితే పొట్టి అవుతుంది. ఒకే ఆంటెన్నా, ఎన్ని తరంగాలకైనా సరిపోతుంది.

ఆ లోహం గాలియం, ఇండియంల మిశ్రమం. ఉద్యోగంలో చేరిన రోజు సారు నా చేతిలో గాలియం సీసా పెట్టాడు. ఏసీ గదిలో అది రాయిలా ఉంది. కింద హోటల్ నుంచి తెచ్చిన వేడినీళ్ల గ్లాసులో ఆ సీసా నిలబెట్టి, చాయ్ తాగుతూ చూడమన్నాడు. చాయ్ సగం కూడా కాకముందే లోపల అంచులు మెత్తబడి, నడిమధ్య ముద్ద పక్కకి ఒరిగి, అంతా అద్దంలా అయిపోయింది. నా ముఖం అందులో కనిపించింది. నాకు ఇరవయ్యారేళ్లు, ఎం.టెక్. చదివాను, లెక్కలన్నీ వచ్చు. అయినా చిన్నపిల్లలా ఆ సీసాను అటూ ఇటూ ఊపుతూ కూర్చున్నాను. దాన్ని ఇండియంతో కలిపితే ఆ తర్వాత ఏసీలో కూడా గడ్డకట్టదు. పాదరసంలా విషం కూడా కాదు. ఇంత బంగారం లాంటి లోహం గురించి ఎవరికీ ఎందుకు తెలియదా అని ఆ రోజంతా ఆశ్చర్యపోయాను.

ఎందుకో తర్వాత తెలిసింది. గాలి తగిలితే దాని మీద పాల మీద మీగడలా ఒక పొర కడుతుంది. ఆ పొర రబ్బరు గోడలకి అంటుకుంటుంది. ముందుకు నెడితే లోహం బాగానే పోతుంది. వెనక్కి లాగితే మాత్రం పూర్తిగా రాదు, దారి పొడవునా మచ్చలు మచ్చలుగా తనను తాను వదిలేసి వస్తుంది. పొట్టి కావాల్సిన తీగ తెగిన ముక్కలుగా మిగులుతుంది. మా కొలిచే యంత్రం తెర మీద ఒక గీత వస్తుంది. ఆంటెన్నా ఏ ఫ్రీక్వెన్సీని పట్టుకుంటుందో అక్కడ ఆ గీత లోయలా దిగుతుంది. లోహం పోయినప్పుడు ఒకచోట, వచ్చినప్పుడు మొదటి చోటే లోయ కనబడాలి. మాకు వచ్చినప్పుడల్లా కొత్త చోట కనబడేది.

“పోతాది గానీ తిరిగి రాదు” అనేవాడు సారు. “బయట అందరూ మనల్ని తిరిగి పొమ్మంటాండారు, ఇదేమో రమ్మన్నా రాకుండా ఉండాది. యాడికి పోయేదమ్మా మనం?”

ఆయన నవ్వుతూనే అనేవాడు కానీ నవ్వులో బెదురుండేది. మా పై ఆఫీసు బెంగళూరులో ఉంది. ఇక్కడి బందులూ రాస్తారోకోలూ చూసి వాళ్లకి విసుగొచ్చింది. నెలాఖరుకి ఒక పెద్దమనిషిని పంపుతామన్నారు. ఆయన ముందు లోహం పదిసార్లు పోయి పదిసార్లు శుభ్రంగా తిరిగి రావాలి. వస్తే ప్రయోగశాల రాయదుర్గంలోనే ఉంటుంది, లేకపోతే యంత్రాలన్నీ మూటగట్టి బెంగళూరు పంపేస్తారు. సారూ నేనూ సూట్‌కేసు సర్దుకుని వెళ్లగలం. అక్క వెళ్లలేదు. మళ్లీ రాత్రి డ్యూటీలే ఆమెకి గతి. పదో తరగతి పరీక్షల ముందు ఆ పిల్ల రాత్రుళ్లు ఒంటరిగా ఉండాలి. ఈ సంగతి ఆమె ఒక్కసారే చెప్పింది, అదీ నేనడిగితేనే.

“గీ బిళ్ల మీదనే ఉన్నది మేడం నా బిడ్డ పరీక్ష” అంది, రబ్బరు బిళ్లను బట్టతో తుడుస్తూ.

ఇక నా కోపం గురించి చెప్పాలి. నాకు కోపం ముక్కు మీదే ఉంటుంది. ఇంట్లో వాళ్లు అలవాటుపడ్డారు, బయటివాళ్లు పడరు. అక్క చేరిన కొత్తలో ఒకరోజు కొలత విపరీతంగా తప్పింది. ఎందుకా అని బిళ్లను వెలుతురుకి ఎత్తి చూస్తే కాలువలో నీళ్లు. లోహం ఎక్కించే ముందు ఆమె కాలువలోకి స్వచ్ఛమైన నీళ్లు పంపి కడిగింది. దవాఖానలో సూది పెట్టాక మందు ఎక్కించేముందు ఆ గొట్టంలోకి కాస్త సెలైన్ పంపుతారు, దారి తెరుచుకుందో లేదో చూడటానికి. ఆమె దాన్ని ఫ్లష్ కొట్టడం అనేది. చేతికి అలవాటైన పని, చేసేసింది.

“ఆంటెన్నాలో నీళ్లు పోస్తారా ఎవరైనా? నీళ్లుంటే ఫ్రీక్వెన్సీ మారిపోతుందని చిన్నపిల్లలకి కూడా తెలుసు! వారం రోజుల పని నీళ్లపాలు చేశారు కదండీ!” అని ఒంటికాలి మీద లేచాను. చిన్నపిల్లలకి తెలియదు. నాకే ఎం.టెక్. రెండో ఏడులో తెలిసింది. సారే మధ్యలో వచ్చి, కడిగితే దుమ్ము పోతుంది కాబట్టి కడగమను, తర్వాత హెయిర్ డ్రయ్యర్‌తో పది నిమిషాలు ఎండబెట్టమను, ఎండబెట్టిన సమయం లాగ్‌బుక్‌లో రాయమను అని రాజీ కుదిర్చాడు. లాగ్‌బుక్‌లో అందుకోసం నేనే స్కేలు పెట్టి ఒక గడి గీశాను. ఆ రోజు నుంచి ఆ గడిలో ఆమె గుండ్రటి అక్షరాలతో ‘పది నిమిషాలు’ అని రాసి ఉండేది, ఒక్క పూట కూడా తప్పకుండా.

తెలంగాణ కోసం సమ్మె మొదలైంది. బస్సులు ఆగిపోయాయి. బొగ్గు గనుల్లో పని ఆగేసరికి కరెంటు కోతలు ముదిరాయి. ఒకరోజు కొత్తగూడ చౌరస్తాలో రాస్తారోకో. రోడ్డు మీదే పొయ్యి పెట్టి వంట చేస్తున్నారు, డప్పులు మోగుతున్నాయి. నేను ఎక్కిన షేర్ ఆటో కదలలేదు. దిగి నడిచి ప్రయోగశాలకి చేరేసరికి పన్నెండు దాటింది. చెమటతో, చిరాకుతో మెట్లెక్కాను. అక్క అప్పటికే వచ్చి ఉంది. నార్సింగి నుంచి ఖాజాగూడ గుట్టల పక్కగా నడిచి వచ్చిందట. కరెంటు లేదు. యూపీఎస్ మీద కొలిచే యంత్రం మాత్రం కూ అంటూ నడుస్తోంది.

“బ్యాటరీ అయిపోతుంది, త్వరగా కానివ్వండక్కా, త్వరగా!” అని వచ్చీరాగానే తొందరపెట్టాను.

ఆమె లోహం ఎక్కించింది. లోయ ఒకచోట దిగింది. వెనక్కి లాగింది. నేను అలవాటుగా తిట్టుకోవడానికి సిద్ధమై తెర చూశాను. లోయ మొదటి చోటికి వచ్చి కూర్చుంది. నమ్మక మళ్లీ చేయమన్నాను. మళ్లీ వచ్చింది. బిళ్లను కిటికీ దగ్గరికి తీసుకెళ్లి చూస్తే కాలువ ఖాళీగా, అద్దంలా ఉంది. ఒక్క మచ్చ లేదు. మూడోసారి కూడా వచ్చింది. కింద రోడ్డు మీద ఊరేగింపు పోతోంది. డప్పుల చప్పుడుకి కిటికీ అద్దాలు అదురుతున్నాయి. ఆ చప్పుడులోనే నేను గట్టిగా అరిచి అక్కను పట్టుకుని గిరగిరా తిప్పాను. ఆమె నవ్వింది కానీ, నవ్వేముందు ఒకసారి లాగ్‌బుక్ వైపు చూసింది. ఆ చూపు నాకు తర్వాతే గుర్తొచ్చింది. ఇంతలో యూపీఎస్ ఆగిపోయింది.

మర్నాడు కరెంటు ఉంది. అదే బిళ్ల, అదే లోహం, అదే మనిషి. లోహం మళ్లీ అంటుకుంది. దారంతా మచ్చలు.

అప్పుడు పట్టుకుంది నాకు పిచ్చి. నిన్న ఉన్నదేమిటి, ఇవాళ లేనిదేమిటి? తిండి సయించలేదు. ఒక కాగితం మీద తేడాలు రాసుకున్నాను. నిన్న ఏసీ లేదు. సరే, రెండు రోజులు ఏసీ ఆపి, కిటికీలు మూసి, చెమటలు కారుతుంటే చేశాం. సారు తువ్వాలు భుజాన వేసుకుని తిరిగాడు. లోహం రాలేదు. నిన్న సిరంజి కొత్త పెట్టెలోంచి తీసింది. ఆ పెట్టెలోవన్నీ వాడి చూశాం. రాలేదు. నిన్నటి లోహం ఎక్కువసేపు నిలవ ఉంది. నిలవ పెట్టి చూశాం, అయినా లాభం లేకపోయింది. లాగ్‌బుక్ తీసి చూస్తే ఆ రోజు గడిలో కూడా ‘పది నిమిషాలు’ అని ఉంది. కరెంటు నేను వచ్చేముందు ఎప్పుడో పోయి ఉంటుంది, అంతకుముందే ఎండబెట్టి ఉంటుంది అనుకున్నాను. ఆ పేజీ తిప్పేశాను.

ఇక మిగిలింది ఒక్కటే. డప్పులు.

నవ్వకండి. నాకు అది చాలా సబబుగా తోచింది. అద్దాలే అదిరాయంటే బల్ల కూడా అదిరే ఉంటుంది. సన్నని అదురుకి పొర గోడ నుంచి ఊడి ఉండవచ్చు. ఇలాంటివి పుస్తకాల్లో చదివాను కూడా. బిళ్ల కింద ఫోన్ పెట్టి, ఇంకో ఫోన్ నుంచి దానికి రింగులిచ్చి వణికించాను. చెక్క స్కేలుతో బల్ల మీద దరువు వేశాను. చివరికి ఊరేగింపులు ఎప్పుడు పోతాయో కింద టైల్స్ దుకాణం ఆయన్ని అడిగి, ఆ వేళకి ప్రయోగం సిద్ధం చేశాను.

ఆయన అనుమానంగా చూసి, “ఏంది మేడం, మీరు గూడ ఉద్యమంల కలుస్తున్నరా?” అన్నాడు.

“ఆంటెన్నా కలుస్తోందండి” అన్నాను.

సారు గుమ్మంలో నిలబడి నా దరువు చూసి, “ఏం చేస్తాండావమ్మా? పెద్దాయన బెంగళూరు నుంచి వస్తాంటే మనం బల్ల కొట్టి చూపించేదా?” అన్నాడు. నేను సీరియస్‌గా అవసరమైతే కొడతానన్నాను. ఆయన తలపట్టుకుని వెళ్లిపోయాడు. అక్క మొదట్లో నా దరువుకి నవ్వేది. రెండో రోజుకి నవ్వడం మానేసింది. మూడో రోజు నా వైపు చూడటమే మానేసింది. నాకేమో లోహం తప్ప మనుషులు కనబడే స్థితి లేదు.

పెద్దాయన రావడానికి రెండు రోజులుందనగా, మధ్యాహ్నం భోజనాలయ్యాక, అక్క లాగ్‌బుక్ తెచ్చి నా ముందు తెరిచి పెట్టింది. సమ్మె రోజు పేజీ. ‘పది నిమిషాలు’ అన్న మాట మీద ఒక అడ్డగీత గీసి ఉంది. పక్కన ‘ఎండబెట్టలేదు’ అని రాసి, కింద సంతకం, దిద్దిన రోజు తేదీ వేసి ఉంది. దవాఖానలో చార్టు మీద తప్పు రాస్తే అలాగే దిద్దాలట. తప్పు కనబడాలి, దిద్దింది ఎవరో కూడా కనబడాలి.

“ఆ దినం పొద్దుగాల్నుంచే కరెంటు లేకుండె మేడం. డ్రయ్యర్ ఎట్ల నడుస్తది? నీళ్లు గుంజేసిన గని ఎండబెట్టలే. లోపట తడి ఉండె. మీరు వచ్చుడే తొందర చేసిన్రు. అబద్ధం రాసిన.”

నేను ఆ పేజీని నా వైపు తిప్పుకున్నాను.

“దవాఖానల అబద్ధం రాస్తే కొలువు పోతది. గందుకే భయమై చెప్పలే. మొన్న నీళ్లు చూసి మీరు ఎంత గరమైన్రు! నీళ్లతోనే గిట్లయిందని నాకు గూడ మొదాలు తెల్వది. మీరు బల్ల కొడుతుంటే అనుమానమొచ్చింది. నిన్న మీరు చాయ్‌కి పోయినప్పుడు తడి ఉంచి చేసిన, మంచిగ వచ్చింది. ఎండబెట్టి చేసిన, అంటుకున్నది. మళ్ల తడిపి చేసిన, వచ్చింది. నాలుగుసార్లు చూసిన మేడం. ఇగ ఆగలేక చెప్తున్న.”

ఆ నాలుగుసార్లూ ఎక్కడ లోయ దిగిందో ఒక చిట్టీ మీద రాసి తెచ్చింది. తడి, పొడి, తడి, తడి. నేను నాలుగు నెలల్లో చేయని ప్రయోగం ఆమె నా చాయ్ వేళలో చేసింది. అంత పద్ధతిగా, ఒక్క విషయం మార్చి మిగతావన్నీ అలాగే ఉంచి.

ఇద్దరం కలిసి మళ్లీ చేశాం. కాలువలోకి ముందు నీళ్లు, ఆ నీళ్లు గుంజేసి, తడి ఆరకముందే లోహం. లోహం మీది పొరకీ రబ్బరు గోడకీ మధ్య పలచటి నీటి పొర నిలబడుతోంది. పొర గోడను తాకనే తాకదు, ఇక అంటుకునేదెక్కడ? నేను భయపడినట్టు నీటి వల్ల లోయ కొంచెం పక్కకి జరిగిన మాట నిజమే. కానీ జరిగిన చోటే ప్రతిసారీ ఉంది. లెక్కలో ఆ కొంచెం సర్దుకుంటే సరిపోతుంది. నీళ్లు ఎక్కువైతే చెడుతుందన్న నిజం పట్టుకుని, కాస్త తడి ఏం చేస్తుందో చూడాలన్న ఆలోచనే నాకు రాలేదు. డప్పుల దాకా వెళ్లాను గానీ ఆ ఒక్క గడిని అనుమానించలేదు. ఆ గడి నా కోపంతో నేను గీసింది.

సంతోషంగా ఉందా అంటే ఉంది. దాని కింద ఇంకొకటి కూడా ఉంది. నాకు ఈర్ష్య కలిగింది. నేను తిట్టిన మనిషి, నేను తిట్టిన పనితోనే, నా సమస్య విప్పింది. ఆ సాయంత్రం ఆమె చిట్టీని మడిచి నా డైరీలో పెట్టుకున్నాను. భద్రంగా ఉంటుందని నాకు నేనే చెప్పుకున్నాను.

పెద్దాయన వచ్చాడు. సారు కొత్త చొక్కా వేసుకున్నాడు. అక్క సిరంజి పైకెత్తి, గోటితో రెండుసార్లు కొట్టి, ముందు నీళ్లు పంపి, తర్వాత లోహం ఎక్కించింది. పెద్దాయన వేళ్లు ముడుస్తూ లెక్కపెట్టాడు. లోయ పోయింది, వచ్చింది. పోయింది, వచ్చింది. పదోసారి కూడా పాత చోటుకే వచ్చేసరికి సారు అద్దాలు తీసి తుడుచుకున్నాడు. అక్క పెదవులు కదులుతున్నాయి. ప్రార్థన చేసుకుంటోందని తెలిసింది.

పెద్దాయన నా వైపు తిరిగి, చాలా బాగుంది, ఈ నీళ్ల సంగతి ఎవరికి తట్టింది అని ఇంగ్లీషులో అడిగాడు.

అక్క రెండడుగుల దూరంలో ఉంది. ఆ మాత్రం ఇంగ్లీషు ఆమెకి అర్థమవుతుంది. ఆమె తలెత్తలేదు కానీ సిరంజి తుడుస్తున్న చెయ్యి ఆగింది. నేను చెప్పాల్సింది ఒక్క మాట. వేలు చూపించినా చాలు.

“వరుసగా ప్రయోగాలు చేస్తూ పోతే తేలిందండి” అన్నాను.

చెయ్యి మళ్లీ కదిలింది.

ప్రయోగశాల రాయదుర్గంలోనే ఉండిపోయింది. నేను రిపోర్టు రాశాను. సారు పేరు, నా పేరు. పనివాళ్ల పట్టికలో అక్క పేరు ఎదురుగా ‘సిరంజి నొక్కడం’ అని రాశాను. అది చదివిన పెద్దాయన బెంగళూరు నుంచి ఒక సలహా పంపాడు. లోహం ఇంత సులువుగా జారుతున్నప్పుడు చెయ్యి ఎందుకు, చిన్న మోటారు పెట్టుకోండి అని. నిజమే, అంతకుముందు లోహం ఎక్కడ పట్టేస్తోందో వేలికి తెలియాలి, అందుకే ఆమె కావలసి వచ్చింది. ఇప్పుడు పట్టేయడమే లేదు. మోటారు వచ్చింది. ఆర్నెల్లు నిండాక అక్క కాంట్రాక్టు పొడిగించలేదు.

సారుతో గొడవపడ్డాను. ఆయన రిపోర్టు తీసి నా ముందు పెట్టాడు. “నేనేం చేసేదమ్మా? ఆయమ్మ ఏం చేస్తాదని పైనోళ్లు అడిగినారు. నువ్వే రాసిండావు గదా.”

నా చేతిరాత కాదు, కంప్యూటర్లో కొట్టిన అక్షరాలే. అయినా వాటిని చూడలేకపోయాను. కింద రోడ్డు మీద ఆ రోజు కూడా ఎవరో మైకులో మాట్లాడుతున్నారు. మా కష్టం మీద ఇంకొకడి పేరుందని, మా కొలువులో ఇంకొకడు కూర్చున్నాడని. అన్నాళ్లూ ఆ మాటలు ఎవరి గురించో అనుకుని కిటికీ వేసుకునేదాన్ని. అక్క పోయేముందు తన గ్లాసూ చెప్పులూ సంచిలో వేసుకుని, బిళ్లలన్నీ తుడిచి వరుసగా పెట్టి, ‘పోయొస్త మేడం’ అంది. నేను తలూపాను.

రాష్ట్రం వచ్చాక కొన్నాళ్లకి నాకు విష జ్వరం పట్టుకుంది. కొత్తగూడలోనే ఒక దవాఖానలో చేర్చారు. మర్నాడు తెల్లవారాక, ఎండ మంచం మీదికి వచ్చే వేళకి, ఎవరో నా చెయ్యి పట్టుకుని సూది గొట్టం మూత విప్పుతున్నారు. టక్ టక్ మని గోటి చప్పుడు. కళ్లు తెరవకముందే ఎవరో తెలిసిపోయింది.

“జర చెయ్యి కదిలియ్యకున్రి మేడం. రాత్రి డ్యూటీ దిగిపోయేటిదాన్ని, మీ పేరు చూసి ఆగిన.”

ముందు సెలైన్ పంపింది. ముంజేతిలో చల్లగా ఒక గీతలా పైకి పాకింది. నాలుగు నెలలు ఆ రబ్బరు కాలువను బయటి నుంచే చూశాను. లోపలి నుంచి ఎలా ఉంటుందో అప్పుడు తెలిసింది.

బిడ్డ ఎలా ఉందని అడిగాను. డిగ్రీ చదువుతోందట. తర్వాత అక్కే అడిగింది, ఆ పాత ఆరాటంతోనే.

“గది ఇంక తిరిగొస్తుందా మేడం?”

“వస్తోందక్కా. వేలసార్లు వచ్చింది. ఇంతవరకూ అంటుకోలేదు.”

“మంచిగైంది” అంది. ఆమె ముఖం నిజంగానే వెలిగింది. “నీళ్ల సంగతి రిపోర్టుల రాసిన్రా?”

“రాశాం. తర్వాత పత్రికలో కూడా అచ్చయింది.” అక్కడితో ఆపేయొచ్చు. అయినా ఆపలేదు. “మీ పేరు రాయలేదక్కా. ఎవరూ వద్దనలేదు. నేనే రాయలేదు. ఆ రోజు ఆయన అడిగినప్పుడు మీ పేరు చెప్పి ఉంటే మిమ్మల్ని తీసేసేవాళ్లు కాదు.”

ఆమె మందు ఎక్కించడం ఆపలేదు. చివరి చుక్కదాకా నిదానంగా నొక్కి, మళ్లీ కాస్త సెలైన్ పంపి, మూత బిగించి, చార్టు తీసుకుని సమయం రాసింది.

“నాకెరికే మేడం” అంది. “నేను గూడ అబద్ధం రాసిన గద. దిద్దనీకి ఒక్క గీత చాలు.”

చార్టు మంచానికి తగిలించి వెళ్లిపోయింది.

ఆమె చిట్టీ ఇంకా నా డైరీలోనే ఉంది. తడి, పొడి, తడి, తడి. జ్వరం తగ్గాక ఆ పత్రికకి ఉత్తరం రాయడానికి చాలాసార్లు కూర్చున్నాను. రాయలేదు. ఈ జ్ఞాపకంలో ఎవరి పేర్లూ లేవు, నాది కూడా. అచ్చయిన ఆ కాగితం మీద మాత్రం ఇప్పటికీ రెండు పేర్లున్నాయి.